నల్ల పుల్ల పోయిన రోజు

నేను ఒక టెస్టర్ని. డబ్బా మూతలు లేపడానికీ, కుర్చీ స్క్రూలు బిగించడానికీ మీరు వాడుకునే ఆకుపచ్చ పిడి ఇనుప కడ్డీనే. కరెంటు ఉందో లేదో చెప్పడం నా అసలు పని అని ఇంట్లో దీపాలు ఆరిపోయిన నాడు తప్ప మీకెవరికీ గుర్తుండదు.

ఒక రేకుల షెడ్డులో పుట్టాను. నా పిడిలో అగ్గిపుల్ల ముక్కంత నల్లటి పుల్ల ఒకటి పెట్టారు. దాని వెనక చిన్న గాజు బుడ్డి, ఆ వెనక స్ప్రింగు, అన్నిటినీ అదిమి పట్టడానికి ఇత్తడి మూత. నన్ను మొదట కొన్నది ఒక లెక్కల మాస్టారు. నాలుగేళ్ళలో ఆయన నాతో వీపు గోక్కున్నాడు, గడియారం విప్పి మళ్ళీ బిగించలేకపోయాడు, సాకెట్లో మాత్రం ఒక్కసారీ పెట్టలేదు. ఫ్యాను బాగుచేయడానికి వచ్చిన మేస్త్రీ చెన్నకేశవులు వెళ్ళేటప్పుడు నేను అతని జేబులో ఉన్నాను. ఎత్తుకుపోయాడని అనను. మేస్త్రీల జేబుల్లోకి టెస్టర్లు తమంతట తామే నడిచిపోతాయని లోకం ఎప్పుడో ఒప్పుకుంది.

చెన్నకేశవులు ఏడో తరగతిలో బడి మానేశాడు. ముప్పై ఏళ్ళుగా కరెంటు పనిలో ఉన్నాడు. నేను వెలిగితే ఉన్నట్టు, వెలగకపోతే లేనట్టు. దేవుడి మీద కూడా అతనికి అంత నమ్మకం లేదు. ఎందుకు వెలుగుతానో మాత్రం ఒక్కనాడూ ఆలోచించలేదు. ఎందుకని అడిగేవాళ్ళంతా పని ఎగ్గొట్టేవాళ్ళని అతని అభిప్రాయం.

అలాంటివాడి దగ్గరికి దీవెన వచ్చింది. ఐటీఐలో ఎలక్ట్రీషియన్ చదువుతూ, నెల రోజులు పని నేర్చుకోమని పంపితే పల్నాడులో మేస్త్రీ పనిచేసే పత్తి మిల్లుకు చేరింది. వచ్చిన రోజు నుంచీ అడగడమే. స్విచ్ వేసీ వేయకముందే అంత దూరం నుంచి కరెంటు ఎట్టా వచ్చిద్ది? తీగ మీద కాకి ఎందుకు చావదు?

"కాకినే అడగవే," అనేవాడు మేస్త్రీ. "దానికి పనీపాటా లేదు."

ఆ రోజు ఉదయం పదకొండింటికి పత్తి హాలులో మిషన్లన్నీ ఆగిపోయాయి. గేటు బయట ట్రాక్టర్లు బారులు తీరాయి. "ఇంకెంతసేపు కేశవులూ? రైతులు నన్ను తింటన్నారు," అని గుమాస్తా మేస్త్రీ పక్కనే నిలబడి తొందరపెట్టాడు. పత్తికి మట్టి అంటకూడదని ఆ హాలులోకి చెప్పులతో ఎవరూ రారు. దుమ్ము లేవకుండా పొద్దున చల్లిన నీళ్ళకు నేల ఇంకా తడిగానే ఉంది. మేస్త్రీవి ఉత్త కాళ్ళు.

బోర్డుదాకా కరెంటు వస్తోందో లేదో చూడాలి. నాలో దూది నలుసు చేరి, వెలుగు మిణుకుమిణుకుమంటోంది. మేస్త్రీ విసుక్కుంటూ నా మూత విప్పి అరచేతిలో తట్టాడు. బుడ్డి పడింది, స్ప్రింగు పడింది. నల్ల పుల్ల మాత్రం చేతిలోంచి జారి మిషను కింద సందులోకి దొర్లిపోయింది. వంగి చూశాడు. వేలు దూర్చాడు. దొరకలేదు.

గుమాస్తా మళ్ళీ అరిచాడు. మేస్త్రీ ఒక రాగి తీగ ముక్క తుంచి, మెలిపెట్టి, పుల్ల ఉన్నచోట కుక్కాడు. మూత బిగించాడు.

"అదెందుకు బాబాయ్?" అంది దీవెన.

"సందు నిండాలిగా. రాగి ఇంకా మంచిది. వెలుగు బాగా వచ్చిద్ది."

నాకు నోరు లేదు. ఉంటే అప్పుడు అరిచేదాన్ని. అతను నా మూత మీద బొటనవేలు పెట్టిన ప్రతిసారీ కరెంటు నాలోంచి అతని ఒంట్లోకి, ఒంట్లోంచి నేలలోకి పోతూనే ఉంది. ఆ నల్ల పుల్ల దాన్ని పీక పట్టుకున్నట్టు పట్టుకుని, చీమ కుట్టినంత కూడా తెలియనంతే వదిలేది. ఇప్పుడు పట్టుకునేవాళ్ళు లేరు. నేను టెస్టర్ని కాను, పిడి ఉన్న కరెంటు తీగని.

నన్ను బోర్డు మీది సాకెట్ దగ్గరికి తెచ్చాడు.

"బాబాయ్, వేలు పెడితేనే ఎందుకు వెలుగుద్ది?"

"పెట్టకపోతే వెలగదు గనక."

"అంటే కరెంటు నీలోంచి పోతన్నట్టేగా?"

"ముప్పై ఏళ్ళ నుంచి పోతా ఉంటే ఇంకా నీ మొహం చూస్తా నిలబడతానా?"

"అదే అడుగుతున్నా. ఎందుకు చావలేదు?"

"ఏం పిల్లవే తల్లీ," అన్నాడు గుమాస్తా. "మంచి మాటే రాదా నీకు?"

నా మొన సాకెట్లోకి దిగింది. మూతకూ వేలికీ మధ్య బియ్యపు గింజంత ఎడం ఉంది. దీవెన చెయ్యి చాపి సాకెట్ స్విచ్ ఆపేసింది.

"చెయ్యి తియ్యి," అన్నాడు మేస్త్రీ. గొంతు పెంచలేదు. పెంచితే బాగుండేది.

"తీస్తా. ఆ నల్ల పుల్ల వల్లే నువ్వు బతికావేమో, నాకు సరిగ్గా తెలీదు బాబాయ్. ముందు నీ వేలి బదులు నీ పెట్టెలో ఉన్న ఈ తీగల బల్బు పెట్టి చూద్దాం. కరెంటు కొంచెమే వస్తే బల్బు వెలగదు. నాది తప్పని తేలితే రేపటి నుంచి రాను."

 మేస్త్రీ వెనక్కి జరిగాడు, ఆమె మాట తప్పని తేలాక నవ్వుదామనే.

దీవెన బల్బు తీగ ఒకటి నా మూతకు చుట్టింది, రెండోది నేలలోకి దిగే ఎర్తు తీగకు కట్టింది. నన్ను సాకెట్లోనే వదిలి, అందరినీ దూరం జరిపి, స్విచ్ వేసింది.

వంద వాట్ల బల్బు భగ్గుమంది. అదే క్షణంలో నా గాజు బుడ్డి పగిలి, పిడంతా నల్లగా మసిబారింది.

దీవెన స్విచ్ ఆపింది.

"అయితే కరెంటు ఉన్నట్టా, లేనట్టా?" అన్నాడు గుమాస్తా.

"ఉంది," అన్నాడు మేస్త్రీ తన బొటనవేలి వైపు చూస్తూ.

నేనిప్పుడు అతని పనిముట్ల పెట్టెలో అడుగున, దేనికీ పనికిరాకుండా ఉన్నాను. దీవెన నెల పూర్తిచేసుకుని వెళ్ళిపోయింది. ఏటా కొత్త పిల్లలొస్తారు. మేస్త్రీ నన్ను పైకి తీసి, ఇందులో ఏం తక్కువైందో చెప్పండని వాళ్ళను నిలదీస్తాడు. ఎవరో ఒక మేస్త్రీ రాగి ముక్క కుక్కి చావబోయాడని, తనకేమీ సంబంధం లేనట్టే కథ చెబుతాడు. మనుషులు తమ తప్పుల్ని ఇతరుల మీద పెట్టి చెప్పేటప్పుడే బాగా చెబుతారు.

మొన్న ఒక పిల్ల అడిగింది. "మరి ఆ మేస్త్రీ ఎట్టా బతికాడు?"

చెన్నకేశవులు నన్ను పెట్టెలో పెట్టబోయి ఆగాడు.

"పక్కన ఒక పిల్ల ఉందిలే."

"ఏం చేసింది?"

"అడిగింది," అన్నాడు.