మరాంగొన్ సందు

నిచ్చెన ఎక్కేముందు నివెస్ గుత్తేదారు పంపిన పని కాగితాన్ని మరోసారి విప్పి చూసింది. మూడుసార్లు చదివినా అందులోని మాట మారలేదు.

వెనిస్‌లో వీధి పేర్లు గోడల మీదే ఉంటాయి. సున్నం పూసి, చుట్టూ నల్లగీత గీసి, రేకు అచ్చులతో అక్షరాలు దిద్దుతారు. ఊరివాళ్లు వాటిని చిన్న దుప్పట్లంటారు. నివెస్ బల్లరిన్ ఇరవై ఆరేళ్లుగా ఆ పనిలో ఉంది. అంతకుముందు వాళ్ల నాన్న చేసేవాడు. ఈ సందు గోడ మీద ‘మరాంగొన్ సందు’ అని చివరిసారి దిద్దింది ఆయనే. మరాంగొన్ అంటే వెనిస్ మాటలో వడ్రంగి. కాగితంలో మాత్రం ‘ఫలెన్యామె సందు’ అని ఉంది. అదీ వడ్రంగే, కాకపోతే బడిలో నేర్పే ఇటాలియన్. గుత్తేదారు ఆఫీసులో ఎవరో బయటివాళ్లకు అర్థం కావాలని మార్చి పెట్టారు.

చౌకు వైపు కొసన నిన్ననే ఫలెన్యామె అని రాసేసింది. కాలువ వైపు కొసన నాన్న అక్షరాలు గీకేసి, సున్నం పూసి ఉంచింది. పొగమంచుకి ఆ సున్నం ఇంకా ఆరలేదు.

“ఏమే నివెసా!” రెండో అంతస్తు కిటికీలోంచి అర్జియా కేకేసింది. ఎనభై నాలుగేళ్లు వచ్చినా ఆమె గొంతులో పదును తగ్గలేదు. “ఆ చివర రాసిన పేరేంటి? పెళ్లై వచ్చిన దగ్గర్నుంచీ నేనున్నది మరాంగొన్ సందులో. రాత్రికి రాత్రి ఇల్లు మార్చేశావా నాకు?”

“కాగితంలో అలాగే ఉంది సియోరా అర్జియా. నేనేం చేసేది?”

“కాగితానికి కళ్లు లేవు, నీకున్నాయి కదా! మరాంగొన్ అంటే ఏంటో తెలుసా వాళ్లకి? నీళ్లలో మునిగి చేపలు పట్టే పిట్ట. పడవ అడుగు బాగుచెయ్యడానికి మన వడ్రంగులూ అలాగే మునిగేవాళ్లు కాబట్టి ఆ పేరొచ్చింది. మా ఆయన ఒత్తొరీనోని అడుగు, జనవరి చలిలో ఎన్ని మునకలు వేశాడో.”

“మీ నాన్నుంటే చెవి మెలేసేవాడు!” లోపలినుంచి ఒత్తొరీనో అన్నాడు. ఆ తర్వాత అతని నవ్వు వినిపించింది.

నివెస్ గుత్తేదారు మేస్త్రీ త్యోజ్జోకి ఫోన్ చేసింది. “పేరు తప్పేమో మేస్త్రీ. ఇక్కడివాళ్లెవరూ ఆ మాట వాడరు.”

“ఉన్నది ఉన్నట్టు రాయమ్మా తల్లీ. పన్నెండు లోపు ఫొటో పంపు. ఇంకా పద్దెనిమిది సందులున్నాయి, చెయ్యడానికి వేరేవాళ్లూ ఉన్నారు” అని పెట్టేశాడు.

ఆమె నల్లరంగు కలపసాగింది.

అప్పుడే పైన కుర్చీ పడిన చప్పుడైంది. వెంటనే అర్జియా అరిచింది.

నివెస్ రెండేసి మెట్లు ఎక్కుతూ పైకి పరిగెత్తింది. ఒత్తొరీనో నేల మీద పడి ఉన్నాడు. నోరు ఒక పక్కకి జారిపోయింది. ఏదో చెప్పబోతున్నాడు కానీ మాట పెగలడం లేదు. అర్జియా అప్పటికే ఫోన్‌లో అరుస్తోంది: “మరాంగొన్ సందు! అవును, మరాంగొన్! త్వరగా రండయ్యా!”

ఆ మాట వినగానే నివెస్‌కి గోడలు గుర్తొచ్చాయి. ఆ పేరు ఇప్పుడు ఏ గోడ మీదా లేదు. ఒక కొసన వేరే పేరుంది, రెండో కొసన ఉత్త సున్నం.

“నేను కింద నిలబడతాను సియోరా, వాళ్లని తీసుకొస్తాను” అంటూ దిగింది.

అంబులెన్స్ పడవ ఏ వైపు వస్తుంది? కాలువ గట్టు మీద నిలబడింది. పొగమంచులో ఎదురుగట్టు కూడా కనబడటం లేదు. ఎక్కడో ఇంజను చప్పుడు వినిపించి ఆగిపోయింది. ఈ వైపు కాదేమో. సందులోంచి చౌకు వైపు పరిగెత్తింది. అక్కడా ఎవరూ లేరు. మళ్లీ కాలువ వైపు వచ్చింది. ఈలోగా చౌకులో రాళ్ల మీద చక్రాలు గడగడలాడాయి, కానీ ఆ చప్పుడు దగ్గర పడటం లేదు, దూరమవుతోంది.

“ఇటు! ఇటు రండి!” అని అరుస్తూ మళ్లీ పరిగెత్తింది. పొగమంచు ఆమె గొంతుని మింగేసింది.

వంతెన అవతల దొరికారు వాళ్లు. ముందు నడుస్తున్న నారింజరంగు కోటు అమ్మాయి ఫోన్‌లోకి చూస్తూ తిట్టుకుంటోంది.

“మరాంగొన్ ఎక్కడండీ? ఈ ఫోన్ మ్యాప్‌లో చుక్క కాలువ మధ్యలో నిలబడింది. మేం నీళ్లకి అవతల మెస్త్రె నుంచి వచ్చాం, ఈ సందులు మాకు తెలియవు. ఇప్పుడే ఒకటి దాటాం కానీ అది ఫలెన్యామె.”

“అదే! అదేనమ్మా! ఆ పేరు రాసింది నేనే!”

ఆ అమ్మాయి ఒక్క క్షణం ఆమె చేతి నల్లరంగు వైపు చూసింది. రోగిని మోసే చక్రాల కుర్చీని వెనక్కి తిప్పింది.

ఒత్తొరీనోని మోసుకుని దిగేటప్పటికి, అర్జియా ఫోన్ చేసి ఇరవై ఆరు నిమిషాలైంది. అందులో తొమ్మిది నిమిషాలు వెతకడానికే పోయాయని ఆ అమ్మాయే చెప్పింది. అర్జియా ఇంటి చెప్పులతోనే పడవ ఎక్కింది.

పడవ వెళ్లిపోయాక నివెస్ నిన్న రాసిన పేరు మీద సున్నం కొట్టింది. ఆరేదాకా కింద మెట్టు మీద కూర్చుంది. మధ్యాహ్నానికి రెండు కొసలా మరాంగొన్ అని రాసింది. ఫొటో చూసి త్యోజ్జో ఫోన్ చేశాడు.

“ఇదేంటి? నేను చెప్పిందేంటి, నువ్వు చేసిందేంటి?”

“ఇందాక నీ మాట విని ఆ పేరు అలాగే ఉంచాను మేస్త్రీ. మనిషి నేల మీద పడుంటే, ఇల్లు దొరక్క అంబులెన్స్‌వాళ్లు ఊరంతా తిరిగారు. మిగతా సందులు నువ్వే రాసుకో.”

ఆ తర్వాత అతని దగ్గర్నుంచి పిలుపు రాలేదు.

ఒత్తొరీనో బతికాడు. కానీ కుడిచెయ్యి స్వాధీనంలోకి రాలేదు, మాట సగమే వచ్చింది. నివెస్ ఆసుపత్రిలో డాక్టరమ్మని పక్కకి పిలిచి అడిగింది, ఆ తొమ్మిది నిమిషాల వల్లేనా అని.

“కావచ్చు, కాకపోవచ్చు. ఎవరూ చెప్పలేరండీ” అంది డాక్టరమ్మ.

అర్జియా మాత్రం ఆమెని తప్పుపట్టలేదు. తిట్టి ఉంటే బావుణ్ణనిపించింది నివెస్‌కి. ప్రతి గురువారం నివెస్ ఒత్తొరీనోని చక్రాల కుర్చీలో బయటికి తీసుకెళ్తుంది. మొదటి వంతెన మెట్ల దగ్గర ఆగి, ఎవరైనా వచ్చి ఒక చెయ్యి వేస్తారేమోనని చూస్తారు. అలా నిలబడినప్పుడు అతను ఎడమచేత్తో ఆమె కోటు అంచు పట్టుకుంటాడు. జారిపోతానన్న భయంతోనో, ఆమెని ఊరడించడానికో ఆమెకి తెలియదు. అడగడానికి ఆమెకి ధైర్యం చాలలేదు.