పద్నాలుగుసార్లు కేరళకు

జానీ బాషా కేరళకు పద్నాలుగుసార్లు వెళ్లొచ్చాడు. ఆత్మకూరు బస్టాండు దగ్గర కారు పెట్టుకుని బాడుగలకు తిప్పడం ఇరవై రెండేళ్లుగా అతని పని. అనుమసముద్రంపేట దర్గాకో, నెల్లూరు ఆసుపత్రులకో వెళ్లేవాళ్లే ఎక్కువ. ఏడాదికో రెండేళ్లకో ఒక కుటుంబం కేరళ చూసొస్తామని వారం రోజులకు కారు మాట్లాడుకునేది.

అతని భార్య బషీరున్నీసా ఉదయగిరిలో ఇంటి దగ్గరి షెడ్డులో చెక్క గరిటెలు చేస్తుంది. చేసిన గరిటెలు హైదరాబాదుకూ బెంగళూరుకూ వెళ్లాయి గానీ ఆమె నెల్లూరు దాటింది రెండుసార్లే.

ఈ దసరా సెలవులకు అమ్మానాన్నలను కేరళ తీసుకుపోవాలని కూతురు షాహిస్తా పట్టుబట్టింది. ఆత్మకూరులో ఒక బడిలో లెక్కల టీచరు ఆమె. ఒక ఆదివారం మధ్యాహ్నం, భోజనాలయ్యాక నోటుపుస్తకం తెరిచి కూర్చుంది.

"అబ్బా, మొదట ఏ ఊరు పెట్టుకుందాం?"

"కొచ్చి. పొద్దున్నే దిగితే బీచి పక్కనే పార్కింగ్ దొరకతాది. తొమ్మిది దాటిందా, ఎక్కడో సందులో పెట్టుకోవాల్సిందే."

"పార్కింగ్ కాదబ్బా. చూసేదానికి ఏముండాది?"

"పెద్ద పెద్ద చేపల వలలు ఉంటాయంట."

"ఉంటాయంట ఏంది? సరే, అలప్పీలో పడవ ఇల్లు లోపల ఎట్టుంటాది?"

"జెట్టీ దగ్గర దించేసి, మళ్లా పొద్దున ఎక్కించుకోవాల. బండి కొబ్బరితోటలో పెట్టుకోవచ్చు. దోమలు మాత్రం చంపేస్తాయి."

షాహిస్తా కలం ఆపి తండ్రివైపు చూసింది. బషీరున్నీసాకు అదేమీ పట్టలేదు. గోడకు ఆనుకుని, తమలపాకుకు సున్నం రాసుకుంటూ అంది: "అవన్నీ తర్వాత. ఆ చేప తిన్న హోటలు రాయి ముందు."

షాహిస్తా పసిబిడ్డగా ఉన్నప్పుడు, మొదటిసారి కేరళనుంచి వచ్చి జానీ బాషా చెప్పిన చేప అది. మసాలా పట్టించి, అరిటాకులో చుట్టి పెనంమీద కాల్చిన చేప. ఆకు విప్పగానే ఆవిరి, కొబ్బరినూనె వాసన, ముల్లునుంచి దానంతటదే ఊడొచ్చే కండ. అతను ఎంత బాగా చెప్పాడంటే, బషీరున్నీసా దాన్ని షెడ్డులో ఆడవాళ్లందరికీ మళ్లీ చెప్పింది. తర్వాత ప్రతి ప్రయాణానికీ ఒక కొత్త సంగతి తెచ్చేవాడు. నీళ్లమీద తేలే ఇల్లు, రాళ్లమీద విరిగిపడే అలలు, ఏనుగు స్నానం.

"పేరేందయ్యా ఆ హోటలుది?" అని మళ్లీ అడిగింది.

మూసేసినారని చెబితే సరిపోయేది. ఆ మాట జానీ బాషా నోటిదాకా వచ్చింది కూడా. కానీ పేరు రాసుకోవడానికి కూతురు వంగి కూర్చుని ఉంది.

"నేను తినలేదు బషీరా."

"ఏంది?"

"తిన్నోళ్లు కార్లో చెప్పుకుంటా వచ్చినారు. ఆకు విప్పితే ఎట్లుండింది, వాసన ఎట్లుండింది అని. నేను తోలతా విన్నాను. ఇంటికొచ్చినాక నువ్వు ఏం తిన్నావని అడిగితివి. అదే చెప్పినాను."

"పడవ?"

"అదీ అంతే. నేను లోపలికి పోలేదు. సామాన్లు బండిలో ఉంటాయి, ఎట్ట వదిలిపెట్టి పోతాను?"

బషీరున్నీసా ఆకు నోట్లో పెట్టుకోలేదు. తట్టలో పెట్టి, లేచి షెడ్డుకు వెళ్లిపోయింది. ఆదివారం అక్కడ ఎవరూ లేరు. ఉప్పుకాగితంతో గరిటెను రుద్దే చప్పుడు సాయంత్రం దాకా ఇంట్లోకి వినిపించింది.

రెండు రోజులు ఆమె అతనితో సరిగా మాట్లాడలేదు. అబద్ధం చెప్పినందుకు కోపమని జానీ బాషా అనుకున్నాడు. బషీరున్నీసా బాధ వేరు. అతను ఊళ్లు తిరిగి సుఖంగా తిని వస్తున్నాడని, తాను చెక్కపొట్టులో కూర్చున్నానని ఇన్నేళ్లూ ఒక ఈసు ఆమె మనసులో ఉండేది. వచ్చిన రోజు అతను అలసి పడుకుంటే, తిరిగి తిరిగి వచ్చినాడులే అని మూతి తిప్పుకున్న రోజులున్నాయి. ఇప్పుడవన్నీ ఒక్కొక్కటీ గుర్తొస్తున్నాయి.

మంగళవారం పొద్దున అతను బయలుదేరుతుంటే టీ గ్లాసు చేతికిచ్చి అడిగింది. "మరి అక్కడ ఏం తినేవాడివి?"

"పరోటా. పార్కింగ్ దగ్గర టీ బంకుల్లో అదే దొరికేది. ఒక్కోసారి హోటలోళ్లు వెనక పక్క డ్రైవర్లకని సాంబారన్నం పెట్టేవాళ్లు."

"నాకెందుకు చెప్పలేదు?"

"అంత దూరం పోయి పరోటా తిన్నానని ఏం చెప్పేది? నువ్వు ఆశగా అడిగేదానివి."

బషీరున్నీసా గుమ్మం వైపు తిరిగి, లోపలికి కేకేసింది. "షాహిస్తా, కారు వద్దు. రైలు చూడు. మీ అబ్బా స్టీరింగు ముట్టుకుంటే మళ్లా బండికాడే కాపలా ఉంటాడు."

నెల్లూరునుంచి అలప్పీ దాకా మధ్యలో మారకుండా ఒకే రైలుంది. అది విని జానీ బాషా గుబులుపడ్డాడు. ఎవరో తోలే బండిలో తనకు నిద్ర పట్టదన్నాడు. ఎవరూ పట్టించుకోలేదు. షాహిస్తా నోటుపుస్తకంతో వచ్చి పక్కన కూర్చుంది.

"అమ్మీవి రాసినాను. నీకేం చూడాలనుంది?"

అతన్ని ఆ మాట ఎవరూ అడిగి ఉండలేదు. టీ చల్లారిపోయేదాకా ఆలోచించాడు.

"అతిరప్పిళ్లి అని జలపాతం ఉండాది. పార్కింగ్ దాకా హోరు వినపడతాది. మనుషులు ఒకటే వాగుకుంటా దిగి పోతారు. వచ్చేటప్పుడు మాత్రం ఎవరూ మాట్లాడరు. బట్టలు తడిసిపోయి, ఊరకే వచ్చి కూర్చుంటారు. ఏం చూసి అట్లయిపోతారో చూడాల."

షాహిస్తా అంతకుముందు రాసుకున్న మున్నార్ కొట్టేసి జలపాతం రాసింది.

అక్టోబరులో ముగ్గురూ వెళ్లారు. అలప్పీలో చేప తిన్నారు. బాగుందిగానీ మన పులుసు ముందు తక్కువేనని బషీరున్నీసా తేల్చేసింది. అతిరప్పిళ్లిలో దారి ఏటవాలుగా ఉంది. సగం దిగేసరికి ఆమెకు మోకాలు పట్టేసి ఒక బండమీద కూర్చుండిపోయింది.

"మీరు పోయి రాండి," అంది.

షాహిస్తా ముందుకు వెళ్లింది. జానీ బాషా ఓ ఇరవై అడుగులు దిగి, వెనక్కి తిరిగి చూసి, మళ్లీ ఎక్కి వచ్చాడు.

"పో అంటే వచ్చినావేంది? ఇందుకేగా ఇంత దూరం వచ్చింది."

"కొంచెం జరుగు," అని పక్కన కూర్చున్నాడు.

అక్కడినుంచి చెట్ల సందున నీళ్లు సగమే కనిపిస్తున్నాయి. పైనుంచి పడే చోటు కనిపిస్తోంది, అడుగు కనిపించడం లేదు. తుంపర మాత్రం వాళ్లదాకా వస్తోంది. బషీరున్నీసా కొంగుతో మొహం తుడుచుకుంది. కాసేపటికి మళ్లీ తడిసింది, ఈసారి తుడుచుకోలేదు. షాహిస్తా తిరిగి వచ్చేదాకా ఇద్దరూ అక్కడే కూర్చున్నారు.