రెండు చెంచాల చక్కెర

ఆ రోజు ఇంట్లో ఉన్నది బాబాయి, పిన్ని, మూడు దేశాల నుంచి టీ పొడి కొనడానికి వచ్చిన ముగ్గురు, వంటగదిలో గువ్వ. నోట్లో నాలుక లేని పిల్ల అని పిన్ని పెట్టిన పేరు అది.

గువ్వ చేతిలో కాలేజీ దరఖాస్తు మడత పడి ఉంది. ఐదింటికి గడువు. దాని మీద బాబాయి సంతకం పడకపోతే పొద్దుటి బస్సుకే ఊరు. ఆ తర్వాత చదువూ లేదు, సంధ్యా లేదు.

"ఈ పూట గట్టెక్కనీ పిల్లా, సంతకం నేను పెట్టిస్తాగా. వరసకి ఆరు చొప్పున రెండు వరసల కప్పుల్లో పొడి వేసుంచాను. నీళ్ళు పోసి, వడకట్టి అందించు," అని పిన్ని మేడ మీదికి వెళ్ళింది.

బాబాయి టీ పొడులు కలిపి కొత్త రుచులు తయారుచేస్తాడు. ముందు గదిలో ఆయన గొంతు ఖంగుమంటోంది. "రుచికి పాస్‌పోర్టుతో పనేంటండీ! మా ఇంట్లో ఏ దేశం నాలుకైనా ఒకటే."

గువ్వ మొదటి ఆరు కప్పులూ ఇచ్చి, తలుపు సందులోంచి చూసింది. బట్టతలాయన చెంచాతో జుర్రున పీల్చి, పక్కనున్న డబ్బాలో తుపుక్కున ఉమ్మేశాడు. పొడుగావిడా ఉమ్మేసింది. ఆఖరికి బాబాయీ ఉమ్మేశాడు!

గువ్వ గబగబా వంటగది అంతా కలియజూసింది. ఇంటికొచ్చినవాళ్ళు మొహం మీదే ఉమ్మేస్తే ఇంకేం మిగిలింది? అప్పుడు కనబడింది, మూత కూడా తియ్యని చక్కెర డబ్బా. ఎవరూ చెప్పకపోయినా తనకి తెలియొద్దూ? రెండో వరస ఆరు కప్పుల్లోనూ రెండేసి చెంచాలు వేసి, బాగా కలిపి ఇచ్చింది.

బట్టతలాయన పీల్చి, ఉమ్మడం మరిచి అలాగే ఉండిపోయాడు. పొడుగావిడ పకాలున నవ్వింది. మూడో మనిషి, ముసలాయన, ఒక్కడే గుటక వేశాడు. కప్పు ఖాళీ చేసి ఇంకోటి అడిగాడు. దాంతో మిగతా ఇద్దరూ పడీపడీ నవ్వారు.

బాబాయి కూడా నవ్వుతూనే వంటగదిలోకి వచ్చాడు. గుమ్మం దాటగానే ఆ నవ్వు పోయింది.

"ఏ పొడి రుచి ఆ పొడికి విడిగా తెలియాలని ఉమ్ముతారే, మొద్దూ! ఆర్నెల్ల కష్టం పానకం చేశావు కదే!"

"ఏ నాలుకైనా ఒకటే అన్నారు కదా బాబాయ్..."

"అది వచ్చినవాళ్ళతో అనే మాట. నీతో కాదు."

గడియారం నాలుగున్నర చూపిస్తోంది. అరుపు విని దిగొచ్చిన పిన్ని ఆమెను జబ్బ పట్టి వెనక మెట్ల మీదికి తీసుకెళ్ళింది.

"పిన్నీ, నీ కాళ్ళు పట్టుకుంటా. అంట్లు తోముతా, బట్టలుతుకుతా. ఒక్క సంతకం!"

"వాళ్ళు వెళ్ళేదాకా కనబడకు."

"ఎప్పుడు వెళ్తారు?"

"రాత్రి భోంచేసి."

పిన్ని లోపలికి వెళ్ళబోయి ఆగింది. గువ్వ గబుక్కున దరఖాస్తు చాపింది.

"ఆ ముసలాయన మళ్ళీ అడుగుతున్నాడు. ఎన్ని చెంచాలేశావే?"

"రెండు."

పిన్ని తలుపు మూసింది.