ఎర్ర గీతలు, మేడమీది నీళ్ళు

ఆ శనివారం ఉదయం మా మనవరాలి కంప్యూటరు మా ఆయన్ను లేడు పొమ్మంది. ఆయనేమో నా ఎదురుగానే, చొక్కా గుండీలు ఒకటి తప్పించి ఒకటి పెట్టుకుని, రెండో కప్పు కాఫీ కోసం చూస్తూ కూర్చున్నారు. అయినా తెర నిండా ఎర్ర గీతలే. ప్రతి గీత పక్కనా ఒకటే మాట, ఈ పేరుతో ఏదీ దొరకలేదని.

మా ఆయన నగర నీటి సరఫరా కార్యాలయంలో పనిచేసి రిటైరయ్యారు. ఏ ట్యాంకు ఎప్పుడు నింపాలి, ఏ పంపు ఎంతసేపు తిప్పాలి అని లెక్కగట్టే ప్రోగ్రాం ఆయన పడుచు వయసులో రాసిందే. అది ఇవాళ్టికీ నడుస్తోంది. రాసిన భాష మాత్రం పాతబడిపోయింది, ఇప్పటి పిల్లలకు దాని పేరు చెబితే నవ్వుతారు. మా కూతురి కూతురు చిట్టి అదే ఆఫీసులో చేరి ఇప్పుడు కొత్త భాషలో కొత్త ప్రోగ్రాం రాస్తోంది. తాతయ్య లెక్కల్ని మాత్రం కదపకుండా ఉన్నవి ఉన్నట్టే లోపల పెట్టుకుని, అవసరమైనప్పుడల్లా పేరుపెట్టి పిలుచుకుంటోంది.

చిట్టి పైన ఉన్న ఆఫీసరమ్మ ఒక షరతు పెట్టింది. రాసిందాంట్లో తప్పులు వెతికే తనిఖీ ప్రోగ్రాం ఒకటుంది. సోమవారానికి అందులో ఒక్క ఎర్ర గీత కూడా కనబడకూడదట. కనబడితే తాతగారి లెక్కలన్నీ తీసిపారేసి కొత్తగా రాయించేస్తుందట.

"పారేస్తే పారేయమను, నాకేం" అన్నారు ఈయన. అని, పళ్ళెంలో పెట్టింది పెట్టినట్టే వదిలేశారు. ఆయన సంగతి నాకు తెలియదా. లోపల ప్రాణం విలవిల్లాడిపోతోంది.

నేనేమో లెక్కల టీచర్ని. ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ ఎర్ర సిరా పెన్నే నా ఆయుధం. అందుకని మొదటినుంచీ నా మనసు ఆ తనిఖీ ప్రోగ్రాం వైపే మొగ్గింది గానీ, ఇంట్లో శాంతి కోసం నోరు మెదపలేదు.

చిట్టి ఓపిగ్గా చెప్పుకొచ్చింది. ఆ తనిఖీ ప్రోగ్రాం దేన్నీ నడిపి చూడదు, ఊరికే చదువుకుంటూ పోతుంది. దానికి వచ్చింది కొత్త భాష ఒక్కటే. తాతయ్య లెక్కలు ఎప్పుడో యంత్రం భాషలోకి మారిపోయి, మూత బిగించిన డబ్బాలా ఉన్నాయి. నడిపితే చక్కగా నడుస్తాయి. చదవబోతే మాత్రం లోపల ఏముందో దానికి కనబడదు. కనబడనిది లేదనేస్తుంది.

"అంటే దానికి చదవడం రాక నన్ను లేడంటుందా" అన్నారు ఈయన.

చిట్టి ముందు సులువైన దారే తొక్కింది. దొరకనివాటి గురించి అసలు నోరెత్తొద్దని దానికి ఒక్క ముక్కలో ఆజ్ఞ వేసింది. గీతలన్నీ మాయం. ఈయన ముఖం వెలిగిపోయింది, కాఫీ అడిగారు. నేను కలిపి తెచ్చేలోపు పిల్ల తన ప్రోగ్రాం నడిపి చూసింది. అది మొదట్లోనే చతికిలబడింది. తీరా చూస్తే, తను రాసుకున్న ఫైలు పేరే తను తప్పు కొట్టింది. తనిఖీ ప్రోగ్రాం ఇట్టే పట్టేసేది. నోరు నొక్కేశాక పాపం అదేం చేస్తుంది.

తాతయ్యకు కోపం వచ్చింది. తాత వంక పెట్టుకుని పిల్ల తన తప్పులు కూడా దాచేసుకుంటోందని, ఆ ఆజ్ఞ తీసేదాకా కాఫీ ముట్టుకోలేదు. చిట్టి తీసేసింది. గీతలన్నీ మళ్ళీ వచ్చి కూర్చున్నాయి.

ఇక మిగిలింది కాస్త ఒళ్ళొంచి పనిచేసే దారి. డబ్బాలో ఏమేం ఉన్నాయో తనిఖీ ప్రోగ్రాంకు వచ్చిన భాషలో చిన్న పరిచయం రాసి పక్కన పెట్టాలి. ప్రతి లెక్కకూ పేరేమిటి, దానికి ఏమివ్వాలి, అది తిరిగి ఏమిస్తుంది. లోపల ఎలా చేస్తుందో అక్కర్లేదు.

అక్కర్లేదన్న మాటకు ఈయన చిన్నబుచ్చుకున్నారు. ఆయన గొప్పంతా ఆ లోపలే ఉంది మరి. ఎవరినైనా పరిచయం చేసేటప్పుడు పేరు చెబుతాం గానీ పేగులు తీసి చూపిస్తామా అని నేను కసిరితే అప్పుడు దారికొచ్చారు.

అక్కణ్ణుంచి ఇల్లు ఇల్లంతా సందడే. ఆ రోజుల్లో పేరుకు ఆరు ఇంగ్లీషు అక్షరాలు దాటకూడదట. ఒక్కొక్క కుదించిన పేరూ విప్పుతూ, దాని వెనక ఒక కథ చెబుతూ, ఏ పంపు ఎప్పుడు ఎలా మొరాయించిందో చేతులూపి చూపిస్తూ ఆయన కుర్రాడైపోయారు. చిట్టి పగలబడి నవ్వుతూ, కావలసిన రెండు ముక్కలే రాసుకుంటోంది. గీతలు ఒక్కొక్కటే రాలిపోయాయి.

చివరికి ఒక్క గీత మిగిలింది. చిట్టి ప్రోగ్రాం పిలుస్తున్న లెక్కొకటి పరిచయంలో లేదట.

ఈయన కళ్ళద్దాలు తుడుచుకుని చూశారు. "ఇది నాది కాదు. నేనిలాంటిది రాయలేదు. మీ ఆఫీసు వాళ్ళెవరో మధ్యలో దూర్చుంటారు. తీసెయ్."

పాత ప్రోగ్రాంలో అది ఎప్పటినుంచో ఉందనీ, రోజూ తెల్లారి నడుస్తుందనీ చిట్టి నసిగింది. అయినా తాతయ్య మాట కాదనలేక ఆ వాక్యం చెరపబోయింది. నేను వంగి ఆ పేరు చూశాను. మేడనీ.

చిట్టి చెయ్యి పట్టుకుని ఆపాను.

ఈ ఇంటి మేడమీది వాటాలో మేం అద్దెకు దిగిన కొత్తలో నీళ్ళు కింది వాటాకే వచ్చేవి. చిట్టి వాళ్ళమ్మ నా కడుపులో ఉంది. బకెట్లతో మెట్లెక్కలేక ఒకరోజు మధ్య మెట్టుమీదే కూలబడి ఏడ్చాను. ఊరంతటికీ నీళ్ళిచ్చే మొగుడు పెళ్ళానికి చెంబుడు నీళ్ళివ్వలేడా అని దులిపేశాను. కొన్నాళ్ళకు ఒక పొద్దున మేడమీది కుళాయి గుర్రుమని దగ్గి, నీళ్ళు వదిలింది. మాకొక్కరికే కాదు, ఊళ్ళో మేడలమీద ఉన్న వాళ్ళందరికీ. మేడమీదికి నీళ్ళన్నది ఆరు ఇంగ్లీషు అక్షరాల్లో పట్టక మేడనీగా కుదించానని ఆ రోజే చెప్పి నవ్వారు.

"మీదేనండీ" అన్నాను. "నేను మెట్లమీద కూర్చుని ఏడిస్తే రాశారు."

ఆయన తెరకేసి చూశారు, నాకేసి చూశారు.

"పొద్దుటినుంచీ దాన్ని ఆడిపోసుకుంటున్నారు, ఉన్నవాణ్ణి లేడంటోందని" అన్నాను. "ఇప్పుడు ఉన్నదాన్ని లేదన్నదెవరు?"

ఈయనకు నవ్వు ఆగలేదు. పొలమారేదాకా నవ్వారు. తర్వాత కళ్ళు తుడుచుకుని, ఏమివ్వాలో ఏమిస్తుందో తడుముకోకుండా చెప్పారు. ట్యాంకులో నీటి మట్టం, వేళ ఇస్తే పంపు ఇంకెంతసేపు తిరగాలో చెబుతుంది.

"కింద ఇంకో మాట రాయి చిట్టీ. దానికి అక్కర్లేదులే, మనుషులకు."

"ఏం రాయను తాతయ్యా?"

"మెట్లెక్కలేని వాళ్ళ కోసం."

ఆఖరి గీత పోయింది.

సోమవారం సాయంత్రం చిట్టి ఫోన్ చేసింది. ఆఫీసరమ్మ అంతా చదివిందట, ఆ కిందిమాట రెండుసార్లు చదివిందట, తాతగారి లెక్కలు ఉన్నచోటే ఉంటాయట. ఈయన లేచి వంటింట్లోకి వెళ్ళారు. కుళాయి తిప్పిన చప్పుడైంది. ఇన్నేళ్ళ కాపురంలో మొదటిసారి నాకు గ్లాసుతో నీళ్ళు తెచ్చిచ్చి, తాగేదాకా అక్కడే నిలబడ్డారు. నాకు దాహంగా లేదు. అయినా చుక్క మిగల్చకుండా తాగాను.