ఇంట్లోకే కదా!

జాబితాలో లేనిదాన్ని నాలుగు రోజులుగా వెతుకుతోంది ఒలీవియా. చక్రపాణి సార్ క్లాసులో చెప్పింది ఒక్క ముక్కే: కంట్రోల్ ప్యానెల్లోకి వెళ్ళండి, విండోస్ కాంపొనెంట్స్ తెరవండి, ఐఐఎస్ అన్నచోట టిక్కు పెట్టండి. చేసిన వెబ్‌సైటు సొంత కంప్యూటర్లో ఆడాలంటే అదుండాలి. క్లాసులో అందరికీ ఉంది, ఈమెకే లేదు.

సోమవారం పంజాగుట్టలో ఒక చిన్న కంపెనీ ఇంటర్వ్యూ. ప్రాజెక్టు సీడీలో తీసుకెళ్ళి వాళ్ళ ముందు ఆడించి చూపాలి. డిగ్రీ అయి రెండేళ్ళయింది, అమీర్‌పేటలో ఇది మూడో కోర్సు, ఇంతదాకా పిలిచిన కంపెనీ ఇదొక్కటే. ఒక్కసారైనా ఆడని ప్రాజెక్టు పట్టుకెళ్ళి ఏం చూపిస్తుంది, తన మొహమా?

“ఉంటదమ్మా, ఎందుకుండదు? జర మంచిగ చూడు,” అన్నాడు చక్రపాణి గురువారం. శుక్రవారమూ అదే మాట, కాస్త విసుగు కలిపి. లేదు మొర్రో అంటే వినే నాథుడు లేడు. చివరికి ఆ సాయంత్రం, క్లాసులో పక్క సీట్లో కూర్చునే హైందవి ఇంటికే వచ్చి, కంప్యూటరు ముందు కూర్చుని, నోరు తెరిచింది.

“హోమ్ ఎడిషనా? ఇలాంటిదొకటి ఉందా అసలు?”

ఉంది. ఐఐఎస్ లేని చవకరకం విండోస్ అది, డబ్బు పెట్టి కొన్నవాళ్ళకే ఉంది. హాస్టళ్ళలో అందరిదీ ఖరీదైన ప్రొఫెషనలే, ఎందుకంటే ఫుట్‌పాత్ మీద యాభై రూపాయలకి దొరికే కాపీ సీడీ అదే. దొంగతనానికి వెళ్ళినవాడు తక్కువ రకం ఎందుకు ఎత్తుకొస్తాడు? బుద్ధిగా బిల్లు కట్టినవాడికే సగం సరుకు.

ఆ బిల్లు కట్టింది తండ్రి జీవానందం. సోమాజిగూడలో ఒక ఆసుపత్రిలో రికార్డుల గుమాస్తా. షోరూమువాడు “హోమా, ప్రొఫెషనలా సార్?” అని అడిగితే, “ఇంట్లోకే కదా, హోమ్ ఇవ్వండి” అన్నాడట. వాడేది కూతురు, ఆమెను ఒక్క మాట అడిగితే ఏం పోయింది? శనివారం పొద్దున్నే ఇద్దరూ వెళ్ళి మార్చమని బతిమాలారు. సీలు తీసినది మార్చరట. ప్రొఫెషనల్ విడిగా కొనాలంటే ఆయన నెల జీతం చాలదు.

హైందవి తన సీడీ ఇచ్చింది. తెల్లటి డిస్కు మీద స్కెచ్ పెన్నుతో రాసిన అక్షరాలు చూడగానే జీవానందం మొహం ముడుచుకుంది.

“దొంగ సరుకు నా గడప తొక్కదమ్మా.”

“ఊరంతా అదే వాడుతోంది నాన్నా!”

“ఊరితో మనకేంటి?”

ఒలీవియాకి తల గోడకేసి కొట్టుకోవాలనిపించింది. ఉద్యోగం రాకపోతే ఈ నిజాయితీ కూడు పెడుతుందా? కానీ ఆయన ఊరుకోలేదు. తనే చక్రపాణి దగ్గరికెళ్ళి, ఆదివారం ల్యాబు ఖాళీగా ఉంటుందని తెలుసుకుని, తాళం తీయమని బతిమాలాడు. ఊహ తెలిశాక ఎన్నడూ మానని చర్చి ఆరాధన మాని మరీ కూతురి వెంట వచ్చాడు.

ల్యాబులో ఇరవై కంప్యూటర్లు. చక్రపాణి మూలనున్నదాన్ని చూపించాడు. “మిగిలినవాటిల పిల్లల పనులున్నయి, ముట్టొద్దు. దీన్ని నిన్ననే ఫార్మాట్ కొట్టిన. విండోస్ ఎక్కుతున్నది. కీ అడుగుతది, గోడ మీదున్న నంబర్ కొట్టు,” అని టీకి బయల్దేరాడు.

గోడ మీద పెద్ద పెద్ద ఇంగ్లిషు అక్షరాలు, అంకెలు, అయిదేసి చొప్పున అయిదు గుంపులు. జీవానందం దాన్ని చూశాడు. బల్ల మీదున్న ఆ సీడీ ఖాళీ కవరు చూశాడు. దాని మీదా స్కెచ్ పెన్ను రాతే.

“ఇరవైకీ ఇదే నంబరాండీ?”

“గదే సార్. మీ ఇంట్ల సుత ఎక్కించుకోండ్రి, ఫికర్ లేదు,” అంటూ చక్రపాణి మెట్లు దిగిపోయాడు.

తెర మీద అయిదు ఖాళీ గళ్ళు వచ్చి నిలబడ్డాయి. ఒలీవియా వేళ్ళు కదలలేదు. తండ్రి కుర్చీ వెనక్కి జరిపి లేచాడు.

“నేను కింద కూర్చుంటానమ్మా. నువ్వు కానిచ్చుకునిరా.”

అప్పుడొచ్చింది ఆమెకు అసలు కోపం. ఇన్ని రోజులదీ ఒక్కసారే వచ్చింది.

“అంటే నీ చేతులు శుభ్రం, తప్పు నాదా? నాన్నా, తప్పయితే నన్ను లేపు, ఇంటికి పోదాం. ఉద్యోగం పోతే పోయింది, నిన్నొక్క మాటనను. తప్పు కాకపోతే ఇక్కడే కూర్చో. మెట్ల మీద కూర్చుని నాకు కాపలా కాయకు.”

జీవానందం గుమ్మంలో ఆగిపోయాడు. ఆమె లేవడానికి సిద్ధంగానే ఉంది.

ఆయన వెనక్కి వచ్చి కుర్చీలో కూర్చుని, కళ్ళజోడు తుడిచి పెట్టుకున్నాడు. గోడ వైపు తిరిగి, ఆదివారాలు చర్చిలో వాక్యం చదివే గొంతుతోనే, ఒక్కొక్క అక్షరం ఆపి ఆపి చదవడం మొదలుపెట్టాడు. ఒలీవియా కొట్టసాగింది.