ప్రోస్టేటు పెళ్లిచూపులు

చేపల వేలం పాడటంలో కైకలూరు మొత్తమ్మీద ఎలీయాజరుగారికి పోటీ లేదు. గొంతు అంత గట్టిది. గట్టిగా లేనిదల్లా గొంతుకు బాగా దిగువన ఉంది. "ఒకటోసారీ... రెండోసారీ..." అని, మూడోసారి అనకుండానే స్టూలు దిగి గోడవైపు పరుగెత్తేవారు. వెళ్లిన పని ఓ పట్టాన అయ్యేది కాదు. ఈలోగా ఐసు కరిగేది, వ్యాపారుల ఓపిక కరిగేది, చేప ధర కూడా కరిగేది. పాట పాడే మనిషికి ఎన్ని పాట్లు!

2004లో ఓ రోజు కొట్టు యజమాని వెంకట్రాజుగారు తేల్చేశారు.

"ఏలూరెళ్లి ఆ ప్రోస్టేటు ఆపరేషనేదో చేయించుకోండి. లేకపోతే స్టూలు మీ అసిస్టెంటు జ్ఞానయ్యకిచ్చేస్తానండి. మీమీద నాకు గౌరవముందిగానీ, చేపకి లేదు కదండీ!"

ఎలీయాజరుగారికి ఎవరో ఏలూరులో ఇద్దరు డాక్టర్ల పేర్లు చెప్పారు. ఒకాయనది మూడంతస్తుల ఆసుపత్రి. పేరు వెనక డిగ్రీలు గూడ్సుబండి పెట్టెల్లా ఉన్నాయి. రెండో ఆయనకు మందులషాపు మేడమీద రెండు గదులు. బోర్డుమీద డాక్టరు చదువు ఉంటుందిగానీ, కోయించుకున్నవాడి గతి ఉండదు గదా!

"అమ్మాయికి సంబంధం చూసినప్పుడు వాకబు చెయ్యలేదేంటండీ? దీనికీ చేద్దాం," అంది భార్య ఎలిజబెత్. "వాళ్ల పేషెంట్ల ఇళ్లకెళ్లి కూర్చుందాం. నోరు తెరిచి అడగక్కర్లేదు. లేవకుండా ఎంతసేపు కూర్చుంటారో చూస్తే సరి."

మొదట తణుకు. మూడంతస్తుల ఆయన చేత చేయించుకున్న సూర్యప్రకాశరావుగారు హెడ్మాస్టరుగా రిటైరయ్యారు. పడకకుర్చీలో ఉన్నారు. కొబ్బరినీళ్లు వచ్చాయి, మజ్జిగ వచ్చింది, కాఫీ వచ్చింది. ఎలీయాజరుగారు పెరట్లోకీ వసారాలోకీ తిరుగుతూనే ఉన్నారు. హెడ్మాస్టరుగారు మాత్రం కరెంటు స్తంభంలా కదల్లేదు.

"ఈయనది మూత్రాశయం కాదే, జలాశయం!" అని బస్సులో మురిసిపోయారు ఎలీయాజరుగారు.

తర్వాత పెదవేగి. రెండు గదుల ఆయన పేషెంటు చాంద్ బాషాగారు పామాయిలు తోటలకు ట్రాక్టరు అద్దెకు తిప్పుతారు. ఆయన కుదురుగా కూర్చుంటే ఒట్టు. టీ అందించి, "ఇప్పుడే వస్తానండీ" అంటూ పెరట్లోకి పోయారు. వచ్చి కూర్చున్నారు. మళ్లీ లేచారు.

"పదవే పోదాం," అని గొణిగారు ఎలీయాజరుగారు. "ఈయన నాకంటే సీనియరు."

ఎలిజబెత్ అప్పటికే వంటింట్లో బాషాగారి భార్య ఆబిదాతో మాట్లాడి, కొంగు నోటికడ్డం పెట్టుకుని నవ్వుతూ వస్తోంది.

"లేస్తున్నది దానికి కాదండీ బాబూ! వెనకాల ట్రాక్టరు ఇంజను విప్పి పెట్టారంట. మెకానిక్కు బోల్టులెక్కడ పారేస్తాడోనని చూసొస్తున్నారు. పడుకుంటే తెల్లారేదాకా లేవరంట."

"మరి హెడ్మాస్టరుగారు?"

"ఆయన లుంగీ కింద మూత్రం సంచీ ఉందండీ. ఆపరేషనయ్యి ఆర్నెల్లయినా గొట్టం తియ్యలేదంట. వాళ్లావిడ చెప్పి కళ్లనీళ్లు పెట్టుకుంది."

"తణుకులోనే చెప్పొచ్చుగా!"

"చెబితే మీరు ఈ ఊరు వచ్చేవారా? అసలు ఆపరేషనే వద్దని పారిపోయేవారు."

ఎలీయాజరుగారికి బస్సులో తనన్న జలాశయం మాట గుర్తొచ్చింది. కోసింది డాక్టరు, కోతలు కోసింది తను.

మర్నాడు మందులషాపు మెట్లెక్కి ఆ డాక్టరునే అడిగేశారు. "మీ చేతిలో ఎంతమందికి బాగైందండీ?"

డాక్టరుగారు కళ్లజోడు తీశారు. "ఏం చెప్పమంటారండీ? బాగైనవాళ్లు మళ్లీ రారు. బాగవనివాళ్లు ఇంకో డాక్టరు దగ్గరికి పోతారు. నాకు లెక్క తెలిసేదెట్లా?"

సరుకును ఉన్నదానికంటే పెంచి చెప్పని మనిషిని ఎలీయాజరుగారు అంతవరకూ చూడలేదు. అక్కడికక్కడే ఒప్పేసుకున్నారు.

ఆపరేషనయ్యి, డాక్టరు ఇక పనిలోకి వెళ్లొచ్చన్నాక మళ్లీ కైకలూరు వెళ్లి స్టూలెక్కారు. జ్ఞానయ్య పక్కనే నిలబడి ఆశగా చూస్తున్నాడు. రాగండి అయింది, బొచ్చె అయింది, రొయ్య అయింది. పాట ఎక్కడా తెగలేదు. జ్ఞానయ్య నిట్టూర్చి టీకి పోయాడు. వ్యాపారులు వెళ్లిపోయారు, నేల కడిగేశారు.

"అయిపోయిందండీ, ఇంక లేవండి," అన్నారు వెంకట్రాజుగారు.

"కాసేపుండండి రాజుగారూ," అన్నారు ఎలీయాజరుగారు, స్టూలుమీద కాళ్లూపుకుంటూ. "ఏ తొందరా లేకుండా కూర్చుని ఎన్నేళ్లయిందో!"