మెట్ల వెనక గది

షహ్హాత్ రక్తంలో కాలేయాన్ని తినేసే సి వైరస్ తేలిందట. ల్యాబులో ఊడ్చే మనిషి రొట్టెల క్యూలో చెప్పిందని, పక్కింటి ఫిక్రీ వాళ్ళమ్మ ఇస్త్రీ కొట్టు గడప మీద నిలబడి గొంతు తగ్గించి మరీ మెత్‌వల్లీ చెవిన వేసింది.

"ఆయన బండి మీది బస్బూసా మిఠాయి నిన్ననేగా నా పిల్లలు తిన్నారు! రక్తంతో తప్ప తిండితో అంటదంటారు గానీ, ఎవడు చూడొచ్చాడు నాయనా?"

మెత్‌వల్లీ నోటినిండా నీళ్ళున్నాయి. పెదవులు బిగించి పొడుగు గలాబియా అంగీ మీద సన్నటి తుంపరగా ఊది, కాలితో నడిపే బరువైన ఇస్త్రీపెట్టెను ఉబ్బిన పాదంతో తోశాడు. కిడ్నీలు చెడ్డప్పటినుంచి తాగే నీళ్ళు కొలిచినట్టే. పొద్దస్తమానం నోట్లో నీళ్ళు పట్టి, గుక్కయినా మింగకుండా ఊదేసే బతుకు. డయాలసిస్ సూదులు గుచ్చే ఎడమ చేతి మీద నరాలు తాళ్ళలా లేచి, వేలు పెడితే జుమ్మనేవి.

సి వైరస్‌కు మంచి బిళ్ళలు ఇంకా రాని రోజులవి. అది ఉన్నవాళ్ళకు ఆస్పత్రిలో డయాలసిస్ మెట్ల వెనక వేరే గదిలో. ఆ తలుపు తోసినవాడెవడో చీకటి పడేలోగా నైలు కాలువ అవతలి గట్టుకు కూడా తెలిసిపోయేది. నోటితో నీళ్ళు చల్లేవాడికి ఆ తర్వాత బట్టలెవరిస్తారు?

మధ్యాహ్నం అతను డయాలసిస్‌కు వెళ్ళేసరికి షహ్హాత్ కిటికీ పక్క కుర్చీలోంచి లేస్తున్నాడు. పొద్దుటి వంతు అతనిది, మధ్యాహ్నం వంతు మెత్‌వల్లీది. యంత్రం ఒకటే. ఏళ్ళుగా అంతే.

"రా పెళ్ళికొడకా! కుర్చీ వెచ్చగా ఉంచాను."

మెత్‌వల్లీ దగ్గరికి జరిగాడు. "నిజమేనా?"

షహ్హాత్ నవ్వు ఆరిపోయింది. నర్సు ఇన్షిరాహ్ వైపు చూశాడు. ఆమె అతని మేనకోడలే.

"ఆ గదిలో యంత్రం ఖాళీ లేదు మామయ్యా," అందామె మెల్లగా. "అయ్యేదాకా నోరెత్తకండి, ఇద్దరూ."

"ఖాళీ అయినా పోను. పోతే బండి మూసుకోవాలి. నా గుట్టు దాచు మెత్‌వల్లీ, నీ గుట్టు దేవుడు దాస్తాడు."

అలా అడిగినవాణ్ణి కాదనడం ఆ పట్నంలో ఎవరికీ చేతకాదు. పైగా వేరే యంత్రం కావాలంటే ఎందుకో చెప్పాలి.

యంత్రాన్ని సరిగ్గా కడగాలంటే చాలాసేపు పడుతుంది. బయట జనం గోల పెడుతున్నారు. ఇన్షిరాహ్ తడిగుడ్డతో దాన్ని పైపైన తుడిచేసింది. మీట అంచున గోధుమరంగు నెత్తుటి చుక్కొకటి ఎండిపోయి మిగిలింది. మెత్‌వల్లీ దాన్ని చూశాడు. చూసి, చొక్కా చెయ్యి మడుచుకుని కూర్చున్నాడు. మార్చని చేతి తొడుగులతోనే ఆమె సూది దించింది.

వేసవి చివర్లో షహ్హాత్ నిద్రలోనే పోయాడు. గుండె ఆగిందన్నారు. ఊరంతా అతని చేతి తీపిని తలుచుకుంది. పాడె మోసినవాళ్ళలో మెత్‌వల్లీ ముందున్నాడు.

ఆ తర్వాత ఓ మధ్యాహ్నం మెత్‌వల్లీ కిటికీ వైపు నడుస్తుంటే ఇన్షిరాహ్ అడ్డం వచ్చింది. రక్తపరీక్ష ఫలితం వచ్చిందంది. మెట్ల వైపు చెయ్యి చూపించింది.

"నన్నా? ఆ గదికి నన్నా?" మెత్‌వల్లీ అరిచాడు. "మీ మామయ్య రోగం దాచిందెవరు? ఆ గుడ్డతో తుడిచిందెవరు? చెప్పవే!"

కుర్చీల్లో వాళ్ళంతా తలలెత్తారు. ఒకాయన తన యంత్రం మీది నుంచి చెయ్యి వెనక్కి లాక్కున్నాడు.

ఇన్షిరాహ్ తల దించుకోలేదు.

"దాచింది నేనే పెదనాన్నా. తెలిసి కూర్చుంది నువ్వు."